తీర్పులో కోర్టు చేసిన పొరపాటును అదే కోర్టు దిద్దుతుందా? రివ్యూ వేయాలా, అప్పీలుకు వెళ్లాలా?

కె.ఆర్.పురం_సుధ

అమ్మా నేనూ వాదులుగా బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో ఏళ్ల తరబడి నడిచిన దావాలో ఈమధ్యే తీర్పు వచ్చింది. కె.ఆర్.పురం దగ్గర ముప్పై బై నలభై సైటును 1987లో నాన్నగారూ చిన్నాన్నా కలిసి కొన్నారు. 1996లో చిన్నాన్న తన సగాన్ని నాన్నగారికి వదులుకుంటూ విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయించారు. ఇద్దరూ పోయిన తర్వాత చిన్నాన్న పిల్లలు సగం తమదేనంటూ కాంపౌండు గోడ కట్టనివ్వకుండా అడ్డుపడ్డారు. అందుకే మొత్తం సైటుకు మేమే హక్కుదారులమని ప్రకటించాలని దావా వేశాం. కోర్టు మాకు సగానికే హక్కు ప్రకటించి, మిగతా సగం విషయంలో దావాను కొట్టివేసింది.

నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. తీర్పు 31వ పేరాలో, విడుదల పత్రాన్ని వాదులు కోర్టు ముందు ఉంచలేదు కాబట్టి ఆ వాదనను నమ్మలేమని రాశారు. అదే తీర్పు చివరి పేజీలో, సాక్షుల పేర్లూ మార్క్ చేసిన దస్తావేజులూ చూపే పట్టికలో, వాదుల తరఫు 9వ ఎగ్జిబిట్‌గా అదే విడుదల పత్రం తేదీతో సహా ఉంది. అమ్మ సాక్ష్యం చెప్పిన రోజున దాన్ని మార్క్ చేయించడం నేను కళ్లారా చూశాను.

ఇంకా మూడు అభ్యంతరాలు ఉన్నాయి. పత్రం మీద సాక్షి సంతకం చేసిన పెద్దాయన మాటను కోర్టు నమ్మలేదు. డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే అధికారిక ఉత్తర్వు) షెడ్యూలులో, అంటే ఆస్తి వివరాల పట్టికలో, తూర్పు పడమర కొలత 30 అడుగులకు బదులు 20 అని పడింది. తీర్పు వచ్చాక బీరువా సర్దుతుంటే, ఆ సైటుతో తనకు సంబంధం లేదని చిన్నాన్న నాన్నగారికి రాసిన ఉత్తరం దొరికింది. మా వకీలు గారు నేరుగా హైకోర్టుకు అప్పీలు వేద్దామంటున్నారు. బంధువుల్లో ఒకరు, తన తీర్పును మళ్లీ చూడమని అదే కోర్టును అడిగే రివ్యూ వేస్తే ఖర్చూ కాలమూ కలిసివస్తాయంటున్నారు. పత్రాన్ని గమనించని న్యాయమూర్తి గారి ముందుకే మళ్లీ వెళ్లడంలో అర్థముందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

పాత_శిరస్తేదారు

నేను కర్ణాటకలో సివిల్ కోర్టుల్లో శిరస్తేదారుగా (కోర్టు దస్త్రాలు చూసే అధికారిగా) పనిచేసి రిటైరైనవాణ్ణి. సుధ గారు చెప్పిన నాలుగు విషయాలకూ చట్టంలో వేర్వేరు దారులున్నాయి. నాలుగింటినీ ఒకే పిటిషన్‌లో కలిపితే బలమైన అంశం కూడా బలహీనపడుతుంది.

రివ్యూ చేసే అధికారం 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 114వ సెక్షన్‌లో ఉంది. ఏయే కారణాలతో, ఏ పద్ధతిలో అన్నది 47వ ఆర్డరు చెబుతుంది. మొదటి కారణం, తగిన శ్రద్ధ తీసుకున్నప్పటికీ అప్పట్లో తెలియని లేదా అప్పట్లో హాజరుపరచలేకపోయిన ముఖ్యమైన కొత్త సాక్ష్యం బయటపడటం. రెండోది, రికార్డు చూడగానే కనిపించే పొరపాటు. మూడోది, తగినంత మరే ఇతర కారణమైనా. ఈ మూడోదాన్ని చూసి చాలామంది ఆశపడతారు గానీ, ఆ ఇతర కారణం మొదటి రెండింటి జాతికి చెందినదే అయి ఉండాలని 1922లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలనలో భారత కేసులకు చివరి అప్పీలు కోర్టు) ఛజ్జూరామ్ కేసులో తేల్చింది. సుప్రీంకోర్టు కూడా అదే దారిలో నడుస్తోంది.

సుధ గారి 31వ పేరా సంగతి రెండో కారణం కిందికి చక్కగా వస్తుంది. పత్రం లేదని ఒక పేజీ, పత్రం ఉందని ఇంకొక పేజీ చెబుతున్నాయి. దీన్ని చూపడానికి వాదన అక్కర్లేదు, రెండు పేజీలు పక్కపక్కన పెడితే చాలు. పెద్దాయన సాక్ష్యాన్ని నమ్మకపోవడం మాత్రం రివ్యూకు పనికిరాదు. సాక్షిని నమ్మాలా వద్దా అన్నది న్యాయమూర్తి నిర్ణయం. అది తప్పని చెప్పాల్సిన చోటు అప్పీలు కోర్టు.

కొలత విషయానికి రివ్యూ కూడా అక్కర్లేదు. తీర్పుల్లో, డిక్రీల్లో దొర్లే రాతతప్పులను, లెక్కతప్పులను 152వ సెక్షన్ కింద ఎప్పుడైనా సరిచేయవచ్చు. దానికి కాలపరిమితి భయం లేదు. దావా పత్రంలోని షెడ్యూలులో 30 అని సరిగా ఉందో లేదో మాత్రం ముందుగా చూసుకోండి. అక్కడే 20 అని ఉంటే కథ వేరు.

హెబ్బాళ_రఘు

శిరస్తేదారు గారు చట్టం చక్కగా చెప్పారు. ఆచరణలో నేను చూసినది ఇలా లేదు. మా మామగారి కేసులో తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి గారి ముందే రివ్యూ వేశాం. నెలల తరబడి వాయిదాలు పడ్డాయి. చివరికి, ఇవన్నీ అప్పీలులో చెప్పుకోవాల్సిన మాటలంటూ కొట్టివేశారు. ఈలోపు హైకోర్టుకు అప్పీలు వేసే 90 రోజుల గడువు దాటిపోయింది. జాప్యాన్ని మన్నించమని మరో దరఖాస్తు పెట్టి, అవతలివారికి ఖర్చులు కట్టిన తర్వాతే అప్పీలు ఫైలుకెక్కింది. అప్పీలు కోర్టు వాస్తవాలనూ చట్టాన్నీ మొత్తం మళ్లీ చూడగలదు. అంత విశాలమైన దారి ఉండగా ఇరుకు సందులోకి వెళ్లమనడం నాకు సరైన సలహా అనిపించడం లేదు.

పాత_శిరస్తేదారు

రఘు గారూ, ఆ రివ్యూలో మీరు ఏ కారణాలు చూపించారు?

హెబ్బాళ_రఘు

సాక్ష్యాన్ని సరిగా అంచనా వేయలేదని, రెండు హైకోర్టు తీర్పులను తప్పుగా అన్వయించారని చూపించాం.

మైలాపూరు_వకీలు

రఘు గారి రివ్యూ ఎందుకు నిలవలేదో ఆ జవాబులోనే ఉంది. అయితే అందులో వారి అనుభవాన్ని తోసిపుచ్చే ఉద్దేశం నాకు లేదు, ఎందుకంటే గడువు గురించి వారు చేసిన హెచ్చరిక చాలా విలువైనది.

నేను చెన్నైలో ప్రాక్టీసు చేస్తాను. ఈ విషయంలో దేశమంతా ఉదహరించే తీర్పు ఒకటి మన కర్నూలు నుంచే వెళ్లింది. అది తుంగభద్ర ఇండస్ట్రీస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసు. వేరుశనగ నూనెను హైడ్రోజనీకరించి అమ్మే ఆ కంపెనీకి అమ్మకపు పన్నులో వచ్చిన వివాదం అది. సుప్రీంకోర్టుకు వెళ్లడానికి యోగ్యతాపత్రం ఇవ్వమని కంపెనీ హైకోర్టును అడిగింది. అదే న్యాయప్రశ్న మీద మరో ఏడాది పన్నుకు సంబంధించి యోగ్యతాపత్రం ఇచ్చిన హైకోర్టు, ఈసారి నిరాకరించింది. రివ్యూ వేస్తే అదీ కొట్టివేసింది. సుప్రీంకోర్టు మాత్రం ఇది రికార్డులో కొట్టొచ్చినట్టు కనిపించే పొరపాటేనని తేల్చి, కంపెనీ అప్పీలును అనుమతించింది.

ఆ తీర్పు రెండు మాటలను పక్కపక్కన పెట్టింది. రివ్యూ అనేది మారువేషంలో వచ్చిన అప్పీలు కాదన్నది ఒకటి. దీన్ని అందరూ ఉదహరిస్తారు. సుదీర్ఘ వాదన లేకుండానే వేలుపెట్టి చూపగలిగి, రెండో అభిప్రాయానికి తావులేని పొరపాటు ఉంటే దాన్ని దిద్దాల్సిందేనన్నది రెండోది. దీన్ని ఉదహరించేవారు తక్కువ. మొదటి మాటతో ఎన్నో పిటిషన్లు కొట్టివేస్తారు గానీ, ఆ కేసులో గెలిచింది రివ్యూ అడిగిన పక్షమేనన్న సంగతిని నా జూనియర్లకు పదే పదే గుర్తుచేస్తాను.

మైసూరురోడ్డు_చంద్ర

వకీలు గారూ, కోర్టు పత్రాన్ని చూసి, దాని అర్థాన్ని తప్పుగా గ్రహించిందనుకోండి. అది కూడా రికార్డులోనే కనిపిస్తోంది కదా. దాన్ని రివ్యూలో ఎందుకు అడగకూడదు?

మైలాపూరు_వకీలు

చంద్ర గారి ప్రశ్న చాలా కీలకమైనది. సుధ గారి తీర్పులో 31వ పేరా ఇంకోలా ఉందనుకుందాం. అంటే, విడుదల పత్రాన్ని పరిశీలించాము, కానీ అందులోని మాటలను బట్టి చిన్నాన్న తన హక్కును పూర్తిగా వదులుకున్నట్టు లేదు అని రాసి ఉంటే, అది తప్పయినా ఒక అభిప్రాయం. దాన్ని తప్పని చూపడానికి పత్రం చదవాలి, పదాలను విడదీయాలి, పాత తీర్పులు చూపాలి. రెండు పక్షాలకూ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. సుదీర్ఘమైన తర్కంతో నిరూపించాల్సి వచ్చే, రెండు అభిప్రాయాలకు అవకాశమున్న పొరపాటును పైకి కనిపించే పొరపాటు అనలేమని 1959లో సత్యనారాయణ లక్ష్మీనారాయణ హెగ్డే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది నిజానికి హైకోర్టు సర్షియోరరీ అధికారం (కింది కోర్టుల, ట్రిబ్యునళ్ల ఉత్తర్వులను రద్దుచేసే అధికారం) గురించిన సందర్భమే అయినా, రివ్యూకూ అదే కొలబద్దను వాడుతున్నారు. 1994లో మీరా భాంజా కేసులోనూ, 1997లో పార్శన్ దేవి కేసులోనూ ఇదే గీతను మళ్లీ గీశారు.

అంటే తీర్పు తప్పు కావడం ఒక్కటే చాలదు. ఆ తప్పు కోర్టు ఆలోచనలో జరిగిందా, కంటిచూపులో జరిగిందా అన్నది తేలాలి. ఆలోచనలోని తప్పును పై కోర్టు సరిచేస్తుంది. చూపులో జరిగిన తప్పును అదే కోర్టు సరిచేసుకుంటుంది. రికార్డులో ఉన్న దస్తావేజును లేదనుకోవడం, వర్తించే చట్ట నిబంధనను అసలు చూడకపోవడం ఈ రెండో రకానికి వస్తాయి.

విజయ_బి_మల్లేశ్వరం

నేను అవతలి గట్టున నిలబడినదాన్ని కాబట్టి ఆ పక్షం మాట కూడా చెప్పనివ్వండి. మా అత్తగారింటి ఆస్తి తగాదాలో మేము గెలిచాం. ఓడినవారు మొదట రివ్యూ వేశారు, అది పోయాక అప్పీలు వేశారు, అప్పీలు పోయాక రెండో అప్పీలు, ఆ తర్వాత దాని మీద రివ్యూ. ప్రతి మెట్టు దగ్గరా డిక్రీ అమలు ఆగింది. మా అత్తగారు తన గదిలోకి తాను అడుగుపెట్టకుండానే కన్నుమూశారు. తీర్పు ఒకసారి వెలువడ్డాక దానికి ఒక కట్టుబాటు ఉండాలి. ప్రతి ఓటమినీ కోర్టు పొరపాటుగా చూపించే అలవాటు వల్ల, గెలిచినవారి చేతికి తీర్పు కాగితమే మిగులుతోంది.

అనంత_పద్మ

విజయ గారి మాటలు చదివి మనసు బరువెక్కింది. అయినా కోర్టు చేసిన తప్పుకు కక్షిదారు ఎందుకు నష్టపోవాలి అన్న ప్రశ్న కూడా అంతే బరువైనది కదా.

పాత_శిరస్తేదారు

పద్మ గారు అడిగిన ప్రశ్నకు 1993లో ఎస్. నాగరాజ్‌కూ కర్ణాటక రాష్ట్రానికీ మధ్య వచ్చిన తీర్పులో జస్టిస్ ఆర్.ఎం. సహాయ్ గారు లోతైన జవాబిచ్చారు. న్యాయం అన్ని అడ్డంకులకన్నా పైనిదని, విధివిధానాలు దాని దారికి అడ్డు నిలవకూడదని ఆ తీర్పు సారాంశం. కోర్టు చర్య వల్ల ఎవరికీ హాని జరగకూడదన్నది పాత సూత్రమే. 47వ ఆర్డరు ఆ సూత్రానికి ఒక తలుపు తెరిచింది. విజయ గారి కుటుంబానికి జరిగినటువంటి అన్యాయం జరగకూడదనే ఆ తలుపును ఇరుకుగా ఉంచింది. కింది కోర్టులో రివ్యూ కొట్టివేస్తే ఆ ఉత్తర్వు మీద అప్పీలు లేదు. రివ్యూ మీద ఇచ్చిన ఉత్తర్వును మళ్లీ రివ్యూ చేయమని అడగడానికి 9వ రూలు ఒప్పుకోదు. రివ్యూ వేసినంత మాత్రాన డిక్రీ అమలు దానంతటదే ఆగదు, స్టే విడిగా అడిగి తెచ్చుకోవాలి.

కె.ఆర్.పురం_సుధ

అందరికీ కృతజ్ఞతలు. చిన్నాన్న ఉత్తరం గురించి ఎవరూ చెప్పలేదు. మా మటుకు అదే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం. ఆయన చేతిరాత మాకందరికీ తెలుసు.

మైలాపూరు_వకీలు

సుధ గారూ, మీకు అది పెద్ద సాక్ష్యం కావడం సహజమే. కానీ కోర్టు మొదట అడిగే ప్రశ్న ఆ ఉత్తరంలో ఏముందన్నది కాదు, దావా నడిచినన్నాళ్లూ అది ఎక్కడుందన్నది. మీ ఇంటి బీరువాలోనే ఉంటే, తగిన శ్రద్ధతో వెతికినా దొరకలేదని నమ్మించడం చాలా కష్టం. కొత్త సాక్ష్యం పేరుతో అడిగే రివ్యూను, ఆ సంగతి అప్పట్లో తెలియదని లేదా హాజరుపరచడం సాధ్యం కాలేదని గట్టిగా రుజువు చేయనిదే అనుమతించరాదని 47వ ఆర్డరు 4వ రూలు స్పష్టంగా చెబుతోంది. దస్తావేజు మూడోవారి దగ్గరో, ఏదైనా ఆఫీసు రికార్డుల్లోనో మరుగున పడి ఉండి, మీరు అడిగినా వారు లేదన్నట్టు ఆధారముంటే పరిస్థితి కొంత మెరుగు.

తెలంగాణ నుంచి వెళ్లిన ఎస్. మధుసూదన్ రెడ్డి కేసులో 2022లో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నిటినీ మళ్లీ ఒకచోట చేర్చింది. శ్రద్ధ అనే షరతును తేలికగా తీసుకునేవారు ఆ తీర్పు ఒకసారి చదవడం మంచిది.

ఉత్తరాన్ని అప్పీలులో 41వ ఆర్డరు 27వ రూలు కింద అదనపు సాక్ష్యంగా పెట్టమని అడగవచ్చు. అక్కడా శ్రద్ధ ప్రశ్న వస్తుంది గానీ, తీర్పు చెప్పడానికి ఆ దస్తావేజు తనకే అవసరమని అప్పీలు కోర్టు భావిస్తే తీసుకునే వీలు కూడా అందులో ఉంది. కాబట్టి రివ్యూలో ఉత్తరం ఊసే ఎత్తకండి.

కెంగేరి_సుబ్బు

నాకు ఒక సందేహం ఉంది. తీర్పు వచ్చిన తర్వాత సుప్రీంకోర్టు చట్టాన్నే మరోలా చెబితే, పాత తీర్పును రివ్యూ చేయించుకోవచ్చా? మా చుట్టాల్లో ఒక ఆడపడుచు వాటా విషయంలో ఈ చర్చ నడుస్తోంది.

మైలాపూరు_వకీలు

వీలుకాదు. 47వ ఆర్డరు 1వ రూలుకు 1976 సవరణతో ఒక వివరణ చేర్చారు. వేరే కేసులో పై కోర్టు తర్వాత ఇచ్చిన తీర్పు వల్ల ఆ న్యాయసూత్రం మారిపోయినా, అది పాత తీర్పును రివ్యూ చేయడానికి కారణం కాదు. భూసేకరణ కేసుల్లో ఇది పెద్ద ఎత్తున చర్చకు వచ్చింది. 2014 నాటి పుణే మునిసిపల్ కార్పొరేషన్ తీర్పును 2020లో ఇందోర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తోసిపుచ్చింది. దాన్ని పట్టుకుని పాత కేసులన్నీ తిరగదోడాలని ప్రభుత్వ పక్షం ప్రయత్నించింది. 2024 మేలో కె.ఎల్. రాఠీ స్టీల్స్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అందుకు ఒప్పుకోలేదు.

అనంత_పద్మ

సుబ్బు గారూ, ఆగండి. ఆడపిల్లల వాటా విషయంలో రివ్యూ కాకుండా ఇంకో దారి ఉంది. మా వదిన కేసు అలాగే నడిచింది కాబట్టి నాకు తెలుసు.

మా వదిన తండ్రి 2005కు ముందే పోయారు. కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన 2005 సవరణ ప్రయోజనం దక్కాలంటే ఆ ఏడాది సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలని ప్రకాశ్, ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ కేసు కర్ణాటకదే. దాన్నిబట్టి మా వదినకు కొడుకులతో సమానమైన వాటా ఇవ్వకుండా, తండ్రి వాటాలో చిన్న భాగం మాత్రమే ఇస్తూ ప్రాథమిక డిక్రీ (ఎవరి వాటా ఎంతో తేల్చేది) ఇచ్చారు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ తీర్పు వచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉండనక్కర్లేదని, హక్కు పుట్టుకతోనే వస్తుందని అందులో తేల్చారు. రివ్యూ వేద్దామని వదిన పట్టుబడితే, ఆ వివరణ చూపించి కుదరదని వకీలు గారు ఆపారు. కానీ తుది డిక్రీ (ఆస్తిని విడగొట్టి ఇచ్చేది) ఇంకా కాలేదు కాబట్టి, అదే కోర్టులో వాటాలు మార్చమని దరఖాస్తు వేశారు. కోర్టు అనుమతించింది.

దానికి ఆధారంగా చూపించిన తీర్పు మన ఆంధ్ర కేసే. అది గండూరి కోటేశ్వరమ్మ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఇచ్చినది. భాగపంపకాల దావాలో ప్రాథమిక డిక్రీతో దావా ముగిసిపోదు, తుది డిక్రీ అయ్యేలోపు చట్టం మారితే వాటాలను మార్చి చెప్పవచ్చు అన్నారు. మీ ఆడపడుచుకు తుది డిక్రీ అయిందో లేదో ముందు కనుక్కోండి.

కెంగేరి_సుబ్బు

ఇంకా కాలేదు, కమిషనర్ కొలతల దగ్గరే ఆగింది. పద్మ గారూ, ఈ మాట రేపే వాళ్లకు చెబుతాను. చాలా చాలా థ్యాంక్స్.

హెబ్బాళ_రఘు

అంశం మళ్లీ సుధ గారి దగ్గరికి తెస్తాను. వకీలు గారు చెప్పినదంతా విన్నాక కూడా నా సందేహం తీరలేదు. ఒకే తీర్పులో నాలుగు అభ్యంతరాలకు నాలుగు దారులంటే సామాన్యుడు ఎక్కడికని తిరుగుతాడు? అప్పీలు ఒక్కటి వేస్తే 31వ పేరా, పెద్దాయన సాక్ష్యం, ఉత్తరం, మూడూ ఒకేచోట చూస్తారు. పైగా రివ్యూలో గెలిస్తే అవతలివాళ్లు ఊరుకుంటారా? వాళ్లు హైకోర్టుకు వెళతారు. ఎటు తిరిగినా హైకోర్టు తప్పదు.

మైలాపూరు_వకీలు

రఘు గారి వాదనలో బలముంది. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ వాటికి నేను కూడా అప్పీలునే సూచిస్తాను. సుధ గారి కేసులో మాత్రం విభేదిస్తాను, కారణం చెబుతాను. హైకోర్టులో మొదటి అప్పీలు తుది విచారణకు రావడానికి ఏళ్లు పడుతుంది. మిగతా సగం పోవడానికి కారణం దాదాపు 31వ పేరా ఒక్కటే అయితే, ఆ ఒక్క పేరాను సరిచేయించుకోవడానికి అన్నేళ్లు ఆగడం అన్యాయం. అవతలివారు హైకోర్టుకు వెళ్లినా, అప్పుడు డిక్రీ చేతిలో ఉన్నది సుధ గారి అమ్మగారికి. వయసు మళ్లిన కక్షిదారుకు ఆ తేడా చిన్నది కాదు.

అయితే తీర్పు మొత్తం చదవకుండా ఎవరూ ఖాయంగా చెప్పకూడదు. పెద్దాయన సాక్ష్యాన్ని నమ్మకపోవడం కూడా విడుదల పత్రాన్ని తిరస్కరించడానికి విడి కారణంగా రాసి ఉంటే, 31వ పేరా దిద్దినా ఫలితం మారకపోవచ్చు. పొరపాటు ఉండటంతోపాటు ఆ పొరపాటే ఫలితాన్ని నిర్ణయించి ఉండాలి. సుధ గారూ, 32వ పేరా నుంచి కోర్టు ఏమందో చూడండి.

కె.ఆర్.పురం_సుధ

ఇప్పుడే చూశాను. పెద్దాయన సాక్ష్యం గురించి 33వ పేరాలో ఉంది. అసలు పత్రమే లేనప్పుడు, దాని మీద సంతకం చేశానన్న సాక్షి మాటకు విలువ లేదని రాశారు.

మైలాపూరు_వకీలు

అయితే ఆ కారణం కూడా 31వ పేరా మీదే నిలబడింది. పునాదిలోని పొరపాటు తొలగితే 33వ పేరాను మళ్లీ ఆలోచించాల్సిందే. రివ్యూకు ఇంతకన్నా తగిన సందర్భం అరుదుగా దొరుకుతుంది.

ఇంకొక మాట. రివ్యూను వీలైనంతవరకు దావా నడిపిన వకీలు గారి చేతే వేయించండి. వకీలును మార్చి, కొత్త వాదనలతో రివ్యూకు వచ్చే పద్ధతిని తమిళనాడు విద్యుత్ బోర్డుకూ రాజు రెడ్డియార్‌కూ మధ్య జరిగిన కేసులో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. పత్రం మార్క్ అయిన రోజున కోర్టులో నిలబడినవారే ఆ మాట చెప్పడం మేలు.

మైసూరురోడ్డు_చంద్ర

అదే న్యాయమూర్తి గారే వినాలా? వారు బదిలీ అయితే?

పాత_శిరస్తేదారు

తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి ఆ కోర్టులోనే ఉండి, వచ్చే ఆరు నెలలు సెలవు వంటి కారణాలతో దూరంగా ఉండని పక్షంలో వారే వినాలని 47వ ఆర్డరు 5వ రూలు. బదిలీ అయిపోతే ఆ స్థానంలోకి వచ్చినవారు వింటారు. అదే న్యాయమూర్తి వినడాన్ని సుధ గారు మొదట్లో అనుమానించారు కదా. నేను బెంచి కింద కూర్చుని చూసిన అనుభవంతో చెబుతున్నాను, పెద్ద వాదన లేకుండా 9వ ఎగ్జిబిట్ తీసి ముందు పెడితే, కోపగించుకున్న న్యాయమూర్తులకన్నా ఫైలు తెప్పించుకుని మళ్లీ చూసినవారే ఎక్కువ. తీర్పు తప్పు అని మొదలుపెట్టిన పిటిషన్‌కూ, ఫలానా పేజీలో ఉన్న ఈ దస్తావేజు తమ దృష్టికి రాలేదు అని మొదలుపెట్టిన పిటిషన్‌కూ ఆదరణలో చాలా తేడా ఉంటుంది.

గడువు గురించి జాగ్రత్తగా వినండి. లిమిటేషన్ చట్టం 124వ ఆర్టికల్ ప్రకారం రివ్యూకు డిక్రీ తేదీ నుంచి 30 రోజులే. సర్టిఫైడ్ నకలు తీసుకోవడానికి పట్టిన కాలాన్ని 12వ సెక్షన్ కింద తీసివేస్తారు. నకలు వెనుక పేజీలో ముద్ర ఉంటుంది, అందులో దరఖాస్తు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, అందజేసిన తేదీ విడివిడిగా రాస్తారు. సిద్ధమైన తేదీ వరకే మినహాయింపు లెక్కిస్తారు. సిద్ధమయ్యాక మీరు వెళ్లి తీసుకోవడంలో ఆలస్యమైతే ఆ రోజులు మీ ఖాతాలోనే పడతాయి. 5వ సెక్షన్ కింద జాప్యం మన్నించమని అడిగే వీలుంది గానీ, దాని మీద ఆధారపడకండి.

విజయ_బి_మల్లేశ్వరం

రఘు గారి మామగారికి జరిగినట్టు, రివ్యూ విచారణలో ఉండగా అప్పీలు గడువు దాటితే ఏమిటి? రెండూ ఒకేసారి వేయకూడదా? నేను ఎదుటి పక్షంలో ఉన్నదాన్నే అయినా, సుధ గారిది నిజమైన పొరపాటులాగే కనిపిస్తోంది. వారు గడువులో చిక్కుకుని నష్టపోకూడదు.

మైలాపూరు_వకీలు

విజయ గారు అడిగిన ఈ ప్రశ్నలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. అప్పీలు ముందు వేస్తే, ఆ తర్వాత అదే పక్షం రివ్యూ వేయడానికి వీల్లేదు. అప్పీలుకు వీలుండి, వేయనివారికే 47వ ఆర్డరు అవకాశమిస్తుంది. కానీ రివ్యూ ముందు వేసి, అది విచారణలో ఉండగా గడువు దాటకుండా అప్పీలు వేస్తే రివ్యూ చెల్లుతుంది. రివ్యూ దాఖలైన నాటికి అప్పీలు లేకపోవడమే చూడాల్సిన అంశమని, అయితే రివ్యూ తేలకముందే అప్పీలు మీద తీర్పు వచ్చేస్తే రివ్యూ అధికారం అక్కడితో ముగుస్తుందని తుంగభద్ర తీర్పులోనే ఉంది. అందుకే వరుస ముఖ్యం. సిటీ సివిల్ కోర్టు డిక్రీ మీద హైకోర్టు అప్పీలుకు 90 రోజులు కాబట్టి, రివ్యూను ముందుగా 30 రోజుల్లో వేసి, 90 రోజుల గడువు దగ్గరపడేసరికి రివ్యూ తేలకపోతే అప్పీలు కూడా దాఖలు చేయండి.

హెబ్బాళ_రఘు

ఈ వరుస మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇలా చేసేటట్లయితే రివ్యూ వేయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఒకటి చెప్పండి. రివ్యూ గెలిస్తే, అప్పటికే హైకోర్టులో ఉన్న అప్పీలు ఏమవుతుంది?

పాత_శిరస్తేదారు

రివ్యూ అనుమతిస్తే ఆ సంగతిని రిజిస్టరులో నమోదు చేసి, కోర్టు వెంటనే విచారిస్తుంది లేదా మరో తేదీ వేస్తుంది. దానికి ముందు అవతలి పక్షానికి నోటీసు ఇవ్వకుండా రివ్యూ అనుమతించడానికి వీల్లేదు. మళ్లీ విచారించి కొత్త డిక్రీ ఇస్తే పాత డిక్రీ లేనట్టే. దాంతో పాత డిక్రీ మీద వేసిన అప్పీలుకు ఆధారం పోతుంది. 1975లో సుశీల్ కుమార్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అప్పుడు సుధ గారు ఆ అప్పీలును ఉపసంహరించుకుని, కొత్త డిక్రీలో ఇంకా ఏదైనా అభ్యంతరముంటే దాని మీద విడిగా అప్పీలు వేసుకోవాలి. అవతలివారు కూడా రివ్యూ అనుమతించిన ఉత్తర్వు మీద 43వ ఆర్డరు కింద అప్పీలు చేయవచ్చు, లేదా కొత్త డిక్రీ మీద వేసే అప్పీలులో ఆ అభ్యంతరం చెప్పుకోవచ్చు.

రివ్యూ కొట్టివేస్తే పాత డిక్రీ యథాతథంగా ఉంటుంది, దాని మీద వేసిన అప్పీలు నడుస్తుంది. కొట్టివేత ఉత్తర్వు మీద వేరే అప్పీలు వేసి కాలం పోగొట్టుకోవద్దు. కొలత సవరణకు 152వ సెక్షన్ దరఖాస్తు మాత్రం రివ్యూతో కలపకుండా విడిగా పెట్టండి. దానికి దావా పత్రం షెడ్యూలు నకలు, 1987 నాటి క్రయపత్రంలో కొలతలున్న పేజీ నకలు జత చేస్తే చాలు.

కె.ఆర్.పురం_సుధ

దావా పత్రం షెడ్యూలులో 30 అనే ఉంది. నకలు మీది ముద్ర కూడా చూశాను, రివ్యూ గడువు ఇంకా దాటలేదు. ఈ చర్చలో మీరంతా రాసినదాన్ని రేపు ఉదయం మా వకీలు గారి ముందు పెడతాను. 9వ ఎగ్జిబిట్ మార్క్ చేసిన రోజు ఆర్డర్ షీటు నకలు కూడా అడగమంటారా, లేక తీర్పు చివరి పట్టిక ఒక్కటి చాలా?

పాత_శిరస్తేదారు

రెండూ పెట్టండి. ఆర్డర్ షీటు నకలుకు విడిగా దరఖాస్తు చేయండి. అమ్మగారి సాక్ష్యం కాగితాల్లో ఆ పత్రాన్ని మార్క్ చేసినట్టున్న పేజీ నకలు కూడా తీసుకోండి. ఆ నకళ్లు వచ్చేలోపు రివ్యూ గడువు ముగిసేటట్లుంటే వాటి కోసం ఆగవద్దు. పిటిషన్ వేసేసి, తర్వాత మెమోతో దాఖలు చేయండి.